లువాంగ్వా లోయలో సఫారీ: అపోహలు - వాస్తవాలు

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట మసాయి మారా. ఆ తర్వాత సెరెంగెటి, క్రూగర్. విజయవాడ నుంచి చిన్న చిన్న బృందాలను తీసుకెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అటే వెళ్లేవాణ్ణి. ఈ పనిలోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "ఎక్కడికెళ్తే బాగుంటుందండీ?" అంటే ముందుగా చెప్పేది జాంబియాలోని దక్షిణ లువాంగ్వా నేషనల్ పార్క్. ఆ పేరు చెప్పగానే వచ్చే ప్రశ్నలు కూడా ఎప్పుడూ అవే. ఫోన్‌లో హడావిడిగా చెప్పే జవాబులను ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అపోహ: జాంబియాలో చూడ్డానికి ఏముంది? పేరే ఎవరూ వినలేదు.

వాస్తవం: విక్టోరియా జలపాతం పేరు వినే ఉంటారు. అది జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో ఉంది. దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా చాలామంది లువాంగ్వా వైపు తిరగకుండానే వచ్చేస్తారు. ఈ పార్కు దేశానికి తూర్పున ఉంది. రాజధాని లుసాకా నుంచి చిన్న విమానంలో మ్ఫూవే అనే ఊళ్లో దిగాలి. రోడ్డు మీద వెళ్లాలంటే చిపాటా మీదుగా పూర్తిగా ఒక రోజు ప్రయాణం. విస్తీర్ణం 9,050 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత కృష్ణా జిల్లా కంటే కాస్త పెద్దది. 1972లో నేషనల్ పార్క్ అయింది.

అక్కడ అసలు విశేషం నదే. లువాంగ్వా మీద ఆనకట్ట లేదు. బ్యారేజీ పక్కన పెరిగిన నాలాంటివాడికి ఆ నదిని చూస్తే మొదట నమ్మబుద్ధి కాలేదు. వానాకాలంలో ఒడ్డును కోసుకుంటూ దారి మార్చుకుంటుంది, పాత దారిలో మడుగులు మిగిలిపోతాయి. ఎండలు ముదిరి ఆ మడుగులు ఒక్కొక్కటే ఎండుతుంటే జంతువులన్నీ నది దగ్గరికి చేరతాయి. హిప్పోలు, అంటే మన నీటిగుర్రాలు, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నిటారుగా ఉన్న మట్టి ఒడ్డులకు వందల బొరియలు కనిపిస్తాయి. కార్మైన్ బీ ఈటర్ అనే ఎర్రటి పక్షులు గుడ్లు పెట్టేది వాటిలోనే. ఇక థోర్నిక్రాఫ్ట్ జిరాఫీ అడవిలో ఉండేది ఈ లోయలోనే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

అపోహ: బిగ్ ఫైవ్‌లో అయిదూ చూడకపోతే డబ్బు దండగ.

వాస్తవం: బిగ్ ఫైవ్ అంటే సింహం, చిరుత, ఏనుగు, బఫెలో, ఖడ్గమృగం. దక్షిణ లువాంగ్వాలో ఖడ్గమృగం లేదు. ఈ సంగతి డబ్బు కట్టకముందే చెబుతాను. ఒకప్పుడు ఈ లోయలో నల్ల ఖడ్గమృగాలు బోలెడు ఉండేవి, కొమ్ము కోసం వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. 2003 నుంచి ఉత్తర లువాంగ్వాలో మళ్లీ తెచ్చి పెంచుతున్నారు. చీతా కూడా ఇక్కడ కనబడదు.

అసలు బిగ్ ఫైవ్ అన్నది పాతకాలపు వేటగాళ్ల లెక్క. కాలినడకన వేటాడ్డానికి ఏ జంతువు ఎక్కువ ప్రమాదకరమో చూసి చేసిన జాబితా అది. కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లకు దాంతో పనేముంది? లువాంగ్వాకు పేరు తెచ్చింది చిరుతలు. ఇక్కడ రాత్రిపూట జీపులో తిరగడానికి అనుమతి ఉంది. మసాయి మారా ప్రధాన రిజర్వులో లేదు. చీకటి పడ్డాక స్పాట్‌లైట్ పట్టుకున్న మనిషి వెలుగును పొదల మీద మెల్లగా ఊపుతూ పోతాడు. ముందు రెండు కళ్లు మెరుస్తాయి, తర్వాత ఒళ్లు కనబడుతుంది. పునుగుపిల్లి, ముళ్లపంది, ఒక్కోసారి వేటకు బయల్దేరిన చిరుత. పగలంతా తిరిగినా దొరకని జంతువులు ఆ గంటన్నరలో కనిపించిన రోజులున్నాయి.

అపోహ: అడవిలో నడక సఫారీ అంటే ప్రాణాలతో చెలగాటం.

వాస్తవం: నేను లువాంగ్వా పేరు చెప్పడానికి అసలు కారణం ఈ నడకే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఆఫ్రికాలో నడక సఫారీకి పురుడు పోసింది ఈ లోయే. వన్యప్రాణుల సంరక్షణలో ఉద్యోగం చేసిన నార్మన్ కార్ అనే ఆయన 1960లలో ఇక్కడ దాన్ని మొదలుపెట్టారు. తుపాకీతో కాదు, కెమెరాతో నడుద్దాం అన్నారు. అప్పటి నుంచి పద్ధతులు గట్టిపడుతూ వచ్చాయి.

అందరికంటే ముందు తుపాకీతో పార్కు స్కౌట్ నడుస్తాడు. అతని వెనక పరీక్షలు పాసై లైసెన్సు పొందిన గైడ్, ఆయన వెనక ఒకే వరుసలో మనం. బృందంలో అయిదారుగురికి మించి ఉండరు. చాలా క్యాంపుల్లో పన్నెండేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. బట్టలు మట్టిరంగులో ఉండాలి. తెలుపు దూరం నుంచే కనబడిపోతుంది, ముదురు నీలం, నలుపు రంగులకు సెట్సీ ఈగలు మూగుతాయి. వాటి కాటు సూది గుచ్చినట్టే ఉంటుంది. గైడ్ చేతిలో బూడిద నింపిన చిన్న గుడ్డసంచి ఉంటుంది. దాన్ని విదిలించి గాలి ఎటు వీస్తోందో చూసి, మన వాసన జంతువుకు తగలని వైపు నుంచి తీసుకెళ్తాడు. హిప్పోకూ నీళ్లకూ మధ్య నిలబడనివ్వడు. మందను వదిలి ఒంటరిగా తిరిగే ముసలి బఫెలో కనబడితే దారే మార్చేస్తాడు. ఏం జరిగినా పరుగెత్తొద్దని మొదటి నిమిషంలోనే చెబుతాడు. ప్రమాదం లేదని నేను అనను. ఆ ప్రమాదమేమిటో బాగా తెలిసినవాళ్లతో నడుస్తామని మాత్రం చెబుతాను.

రెండేళ్ల కిందట మా బృందంలో ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్ వచ్చారు. అరవై దాటిన ఆవిడ, మొదటి రోజు నడకకు రానన్నారు. రెండో రోజు అయిష్టంగానే బయల్దేరారు. పొడి వాగులో ఇసుక మీద ఏనుగు అడుగు కనబడింది. గైడ్ మోకాళ్ల మీద కూర్చుని చూపించాడు: ముందు కాలి గుర్తు గుండ్రంగా ఉంటుంది, వెనక కాలిది కోలగా ఉంటుంది. అడుగున ఉండే పగుళ్లు మన వేలిముద్రల్లా ఏ ఏనుగువి దానివే. వయసు మీరిన ఏనుగుకు మడమ దగ్గర అరిగిపోయి నున్నగా ఉంటుంది. ముందు కాలి గుర్తు చుట్టుకొలత రెండింతలు చేస్తే ఏనుగు భుజం ఎత్తు ఇంచుమించుగా వస్తుంది. టీచర్‌గారు తన చున్నీ తీసి ఆ గుర్తు చుట్టూ పరిచి కొలిచారు. రెండింతలు చేసి చున్నీ పైకెత్తి పట్టుకుంటే ఆవిడ తలకంటే చాలా పైకి పోయింది. "ఇంత పెద్దది ఇప్పుడే ఇటు వెళ్లిందా?" అని మెల్లగా అడిగారు. లద్ది ఇంకా తడిగానే ఉంది. మర్నాడు అందరికంటే ముందు బూట్లు కట్టుకుని కూర్చున్నది ఆవిడే.

జీపులో కూర్చుంటే జంతువును చూస్తాం. నడిస్తే చెదపుట్ట, పేడపురుగు, విరిగిన కొమ్మ, ఉన్నట్టుండి ఆగిపోయిన పక్షి కూత, అన్నీ లెక్కలోకి వస్తాయి.

అపోహ: అక్కడ ఎప్పుడూ మాడిపోయే ఎండే.

వాస్తవం: అక్టోబర్‌లో నిజమే, నలభై డిగ్రీలు దాటుతుంది. జూన్, జులై నెలల్లో పొద్దున పూట మాత్రం ఓపెన్ జీపులో చేతులు కొంకర్లు పోతాయి. స్వెటర్ తప్పనిసరి. నడకకు జూన్ నుంచి సెప్టెంబర్ వరకు అనువైన కాలం. నవంబర్ చివరి నుంచి వానలు, లోపలి క్యాంపులు చాలావరకు మూసేస్తారు. అయితే ఆ పచ్చదనంలో పక్షులను చూసేవాళ్లకు అదే పండగ.

ఇంకో మాట. కొన్ని చిన్న విమానాల్లో పదిహేను కిలోల మెత్తటి బ్యాగే ఎక్కిస్తారు. నా మొదటి ట్రిప్పులో ఈ సంగతి ముందుగా కనుక్కోక, ఒక కుటుంబం పెద్ద సూట్‌కేసులు లుసాకాలోనే వదిలి రావాల్సి వచ్చింది. వాళ్ల టెన్షన్ చూశాక ఇప్పుడు బ్యాగుల ఫొటోలు ముందే పంపించమంటున్నాను.

అపోహ: శాకాహారులకు పస్తులే.

వాస్తవం: అక్కడి వాళ్ల రోజువారీ తిండి న్షిమా. మొక్కజొన్న పిండితో కెలికి చేసే ముద్ద. రాగి సంగటి తిన్నవాళ్లకు ఎలా తినాలో చెప్పక్కర్లేదు. కుడిచేత్తో చిన్న ముద్ద చేసి కూరలో అద్దుకోవడమే. గుమ్మడి ఆకులను వేరుశనగ పొడి వేసి వండుతారు, గోంగూర లేని లోటు తప్ప ఇంకేమీ అనిపించదు. క్యాంపులకు ముందే చెబితే గుడ్డు కూడా లేకుండా వండిపెడతారు. ఆవకాయ సీసా మాత్రం మూత గట్టిగా బిగించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లండి.

అపోహ: ఆఫ్రికా అంటే గొడవలు, రోగాలు.

వాస్తవం: ఒక ఖండాన్నంతా ఒక్క మాటతో కొట్టిపారేయకూడదు. జాంబియాకు 1964 అక్టోబర్ 24న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత అక్కడ అంతర్యుద్ధం లేదు. 1991, 2011, 2021లలో ఎన్నికల్లో ఓడిన అధ్యక్షులు కుర్చీ దిగిపోయారు. ఇంగ్లిష్ అధికార భాష. మ్ఫూవేలో ఎవరినైనా "ములి బ్వాంజీ" అని పలకరించి చూడండి, ఎంత ఆప్యాయంగా బదులిస్తారో.

మలేరియా మాత్రం నిజం. బయల్దేరే ముందే డాక్టర్‌ను కలిసి మాత్రలు రాయించుకోండి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోండి. ఇథియోపియా, కెన్యాల మీదుగా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందే తేల్చుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ కార్డు అడగొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి.

అపోహ: టూరిస్టుల డబ్బంతా లాడ్జీలకే, ఊరివాళ్లకు ఒరిగేదేం లేదు.

వాస్తవం: ఇక్కడ టూరిజం పుట్టిందే ఊరివాళ్ల ఆదాయం కోసం. 1950 ప్రాంతంలో న్సెఫూ అనే స్థానిక పెద్ద, నార్మన్ కార్ కలిసి ఒక క్యాంపు పెట్టి, వచ్చిన డబ్బు అక్కడి జనానికి చేరేలా చూశారు. ఇప్పుడు అందరికీ సమంగా అందుతోందని చెప్పలేను. కానీ గైడ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు చాలామంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

పార్కుకు కంచె లేదు. ఏనుగులు నది దాటి మొక్కజొన్న చేలమీద పడతాయి. మా బృందంలో ఒకసారి పలమనేరు దగ్గరి రైతు ఒకరు వచ్చారు. ఏనుగులు చేలో పడితే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊళ్లో ఒక రైతు తన చేను చుట్టూ కట్టిన తాడు చూపించాడు. దానికి వేలాడే గుడ్డపీలికలకు మిరపపొడి కలిపిన పాత ఇంజన్ ఆయిల్ పట్టించి ఉంది. ఏనుగు లద్దిలో మిరపపొడి కలిపి ఇటుకలు చేసి, ఎండబెట్టి, రాత్రి చేను గట్టున కాలుస్తారట. ఆ ఘాటుకు ఏనుగులు వెనక్కి తిరుగుతాయి. మా పలమనేరు ఆయన ఒక ఎండిన ఇటుకను చేతిలోకి తీసుకుని వాసన చూసి తుమ్మారు, ఆ రైతు నవ్వాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గైడ్‌నూ నన్నూ మధ్యలో పెట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఎకరాకు ఎంత మిరప, వాన పడితే మళ్లీ పూయాలా, ఏనుగు అలవాటు పడిపోతే ఏం చేస్తారు. ఆ సాయంత్రం గేమ్ డ్రైవ్‌కు, అంటే జీపులో జంతువులను చూడ్డానికి, రమ్మంటే ఆయన రానన్నారు. ఇటుక ఎలా చేస్తారో ఇంకోసారి చేయించుకుని, వీడియో తీసి, అక్కడి నుంచే తమ ఊరి వాట్సాప్ గ్రూపుకు పంపారు.