మోకాలి గుజ్జు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఫిజియోథెరపీ చేసే నాకు వారంలో ఒక్కరోజైనా ఈ మాట తప్పదు. ఎక్స్‌రే కవరు టేబుల్ మీద పెట్టి, "గుజ్జు అరిగిపోయిందంట సార్, ఇంక నడవొద్దంటా ఉండారు" అంటారు. ఎవరన్నారమ్మా అంటే పక్కింటామె, లేదా వాట్సాప్.

అపోహ: గుజ్జు అరిగితే విశ్రాంతే మందు.

వాస్తవం: గుజ్జంటే కీలులో ఎముకల కొసలను కప్పి ఉండే మెత్తటి పొర. అసలు ఎక్స్‌రేలో అది కనబడనే కనబడదు. కనబడేది ఎముకల మధ్య సందు. అది తగ్గితే గుజ్జు పలచబడిందని లెక్క కడతాం, అంతే. సందు బాగా తగ్గినా హాయిగా తిరిగేవాళ్లున్నారు, బాగానే ఉన్నా కుంటేవాళ్లున్నారు. పైగా గుజ్జుకు రక్తనాళాలుండవు. కీలులోని జిగురు ద్రవమే దాని తిండి. అడుగేస్తే నొక్కుకుని, ఎత్తితే స్పాంజిలా పీల్చుకుంటుంది. నడక మానడమంటే దాని నోటికాడ కూడు లాగేయడమే. తొడ ముందు కండ చిక్కిపోతే ఇంకా నష్టం: ఆ కండ మోయాల్సిన భారమూ కీలు మీదే పడుతుంది.

పాకాల వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆరు నెలలుగా కుర్చీ, మంచం. టేపు పెట్టి కొలిస్తే నొప్పి ఉన్న కాలి తొడ మూడు సెంటీమీటర్లు సన్నం! ఆమె కళ్లలో నీళ్లు. "గుజ్జు సంగతి దేవుడెరుగు, ముందు కండ తెచ్చుకుందాం అవ్వా" అన్నాను. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని పరుపులోకి అదిమి ఐదు లెక్కపెట్టడం. అది కుదిరాక, ఎత్తు కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం.

మిగతావి గబగబా చెప్తా. నొప్పి లేకుండా కీలు టక్కుమంటే భయం లేదు. కాల్షియం మాత్ర ఎముకకే, గుజ్జును మొలిపించదు. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే మోకాలిచిప్ప మీద ఒత్తిడి ఎక్కువ. కాబట్టి తిరుమల కొండకు నడిచి ఎక్కినా, దిగేది బస్సులో దిగండి. మోకాలు ఎర్రబడి వాచి జ్వరమొచ్చినా, మడత పడి బిగుసుకుపోయినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

మూడో నెలలో అవ్వ, "మెట్లెక్కనా నాయనా?" అంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, అప్పుడే వద్దన్నాను. మెట్ల దారి మొదట్లోనే ఉండే తలయేరు గుండు అనే పెద్ద బండ దాకా పోయి, దానికి మోకాళ్లు ఆనించి వచ్చేసిందట. నొప్పి తగ్గింది ఆ గుండు మహిమేనంటుంది. తువ్వాలు మాత్రం మానలేదు.