ప్రొడక్ట్ ప్లానింగ్, మేనేజ్‌మెంట్: టెక్ కంపెనీల్లో పాతుకుపోయిన అపోహలు

నేను ప్రొడక్ట్ మేనేజర్‌గా పనిచేస్తాను, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏం కట్టాలో, ఏది ముందు కట్టాలో తేల్చే పని. కంపెనీ మారినా, టీమ్ మారినా కొన్ని నమ్మకాలు మాత్రం ప్రతిచోటా ఎదురవుతూనే ఉన్నాయి. వాటివల్ల తెలివైనవాళ్ల కష్టం వృథా అవుతుంది. కొందరైతే విసిగిపోయి ఉద్యోగమే వదిలేస్తారు. ప్లానింగ్ అంటే చేయాల్సిన పనుల చిట్టా రాయడం అని చాలామంది అనుకుంటారు. ఏ పనులు చేయకూడదో తేల్చుకోవడమే అందులో కష్టమైన భాగం అని నా నమ్మకం. కింద చెప్పిన అపోహలన్నీ ఏదో ఒక రకంగా ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి పుట్టినవే.

అపోహ: అందరి చేతుల నిండా పని ఉంటేనే టీమ్ బాగా నడుస్తున్నట్టు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పనులు ఎప్పుడు వస్తాయో, ఒక్కోదానికి ఎంత సమయం పడుతుందో ముందుగా తెలియని చోట క్యూలు ఎలా పెరుగుతాయో గణితంలో స్పష్టమైన లెక్క ఉంది. దాని అతి సరళమైన రూపం చూడండి. టీమ్ సామర్థ్యంలో 80 శాతం నిండి ఉంటే, కొత్తగా వచ్చిన పని మొదలవడానికి ముందు, ఒక పనికి పట్టే సగటు సమయానికి 4 రెట్లు ఆగాలి. 90 శాతం నిండితే 9 రెట్లు, 95 శాతం నిండితే 19 రెట్లు. అంటే సగటున రెండు రోజులు పట్టే పనులైతే, 80 శాతం దగ్గర 8 రోజులున్న ఎదురుచూపు 95 శాతం దగ్గర 38 రోజులవుతుంది. నిజమైన టీమ్‌లో అంకెలు కచ్చితంగా ఇలాగే ఉండవు. కానీ చివరికొచ్చేసరికి ఎదురుచూపు ఒక్కసారిగా పెరిగిపోవడం ఎక్కడైనా ఒకటే. సేల్స్ వాళ్లు వచ్చి "ఇది రెండు రోజుల పనే కదా, నెల దాటినా ఎందుకు రాలేదు?" అని అడిగితే, జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఇంజినీర్లు బద్ధకించలేదు. పని లైన్లో నిలబడి ఉంది.

దీనికి తోడు ఇంకో సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించింది. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, నెలకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున ఎన్ని నెలలు పడుతుందో వస్తుంది. 30 పనులు మొదలుపెట్టి నెలకు 10 చొప్పున ముగిస్తుంటే, ఒక్కో పని బయటికి రావడానికి మూడు నెలలు పడుతుంది. మొదలుపెట్టిన పనుల్ని 15కి తగ్గించి, అదే వేగంతో ముగిస్తే నెలన్నర చాలు. మనుషులూ వాళ్లే, పనిగంటలూ అవే. అందుకే నేను క్వార్టర్ (మూడు నెలల) ప్లాన్‌లో టీమ్ సమయంలో ఐదో వంతు ఖాళీగా వదలమని పట్టుబడతాను. ఎలాగూ ప్రొడక్షన్‌లో, అంటే యూజర్లు వాడుతున్న సిస్టమ్‌లో, ఏదో ఒకటి పగులుతుంది, ఎవరో ఒకరు సెలవు పెడతారు. ఆ ఖాళీ ఉంటే ఒక సమస్య మిగతా పనులన్నిటినీ వెనక్కి నెట్టదు.

అపోహ: ప్రాజెక్ట్ ఆలస్యమైతే ఇంకో ఐదుగురిని ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌లో మనుషుల్ని పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుంది. ఐదుగురు ఉన్న టీమ్‌లో మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమంది అయితే 45. పైగా కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే ఊపిరాడకుండా ఉన్న పాతవాళ్లే. విడదీయడానికి వీలైన పని అయి, మనుషులు మొదట్లోనే చేరితే మేలు జరుగుతుంది. గడువు ముంచుకొచ్చాక మాత్రం చేయాల్సింది తగ్గించాలి, లేదా తేదీ జరపాలి.

2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను కొంటున్నట్టు ప్రకటించినప్పుడు దాన్ని నెలనెలా వాడేవాళ్లు సుమారు 45 కోట్లమంది, అక్కడి ఇంజినీర్లు 32 మంది. ప్రకటనలు వద్దు, ఆటలు వద్దు అని వ్యవస్థాపకులు ముందే గిరి గీసుకున్నారు. అంత చిన్న టీమ్ అంత భారం మోయగలిగిందంటే, వద్దనుకున్నవాటికీ అందులో పెద్ద వాటా ఉందని నేననుకుంటాను.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లకు ఏ ఫీచర్ పనిచేస్తుందో ముందే తెలుసు.

వాస్తవం: మైక్రోసాఫ్ట్‌లో ఫీచర్లను కొంతమంది యూజర్లకు చూపించి, మిగతావాళ్లకు చూపించకుండా పోల్చి చూసే ప్రయోగాలు పెద్ద ఎత్తున చేశారు. బాగా ఆలోచించి తయారుచేసిన ఐడియాల్లో అనుకున్న ఫలితం ఇచ్చినవి దాదాపు మూడో వంతే. ఇంకో మూడో వంతు ఏ తేడా తేలేదు. మిగిలినవి ఉన్నదాన్ని చెడగొట్టాయి. దీన్ని మనసులో పెట్టుకుని మీ రోడ్‌మ్యాప్ (ఏది ఎప్పుడు కట్టాలో రాసుకున్న ప్లాన్) చూడండి. పన్నెండు ఫీచర్లకు పన్నెండు తేదీలు రాసి ఉంటే, ఎనిమిదింటి విషయంలో ముందే మాట ఇచ్చి ఇరుక్కున్నట్టే. ఫీచర్ పేరు కాకుండా సాధించాల్సిన మార్పు రాయండి: "కొత్త యూజర్ మొదటి రోజే ఒక రిపోర్ట్ తయారుచేసుకోగలగాలి" అన్నట్టు. అప్పుడు మొదటి ప్రయత్నం ఫలించకపోయినా రెండోదానికి చోటుంటుంది.

కస్టమర్ అడిగిందల్లా కట్టడమూ పరిష్కారం కాదు. డేటాను ఫైల్‌గా బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ బటన్ కావాలని అడిగితే, ఆ ఫైల్‌తో తర్వాత ఏం చేస్తారో అడగండి. ప్రతి సోమవారం పైవాళ్లకు పంపాలి అని జవాబు వస్తే, ఆయనకు కావాల్సింది తనంతట తాను వెళ్లిపోయే మెయిల్. బటన్ కాదు.

అపోహ: అజైల్ అంటే ప్లాన్ అక్కర్లేదు.

వాస్తవం: అజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న దఫాలుగా కడుతూ, అవసరాన్నిబట్టి దారి మార్చుకునే పద్ధతి. 2001లో 17 మంది కలిసి రాసిన అజైల్ ప్రకటన ప్లాన్‌కు విలువ ఉందనే చెబుతుంది. మార్పుకు స్పందించడానికి అంతకంటే ఎక్కువ విలువ ఇవ్వమంటుంది. అంతే.

అపోహ: బాగా కోడ్ రాసేవాళ్లను మేనేజర్ చేస్తే చాలు. అసలు మేనేజర్లే లేకపోతే ఇంకా మంచిది.

వాస్తవం: ఈ రెండో మాటను గూగుల్ 2002లో నిజంగానే ప్రయత్నించి చూసింది. ఇంజినీరింగ్ మేనేజర్లను తీసేసింది. ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి ఇద్దరి మధ్య తగువుల దాకా అన్నీ కంపెనీ సహ వ్యవస్థాపకుడు లారీ పేజ్ దగ్గరికే రావడంతో కొద్ది నెలల్లోనే ఆ ప్రయోగం ముగిసింది. తర్వాత మంచి మేనేజర్ ఏం చేస్తారో తెలుసుకోవడానికి అదే కంపెనీ ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో అధ్యయనం చేసింది. అందులో తేలిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది మంచి కోచ్‌గా ఉండటం. సాంకేతిక నైపుణ్యం కూడా జాబితాలో ఉంది, కానీ ఎనిమిదో స్థానంలో.

కోడింగ్ ఇష్టమైన వ్యక్తికి జీతం పెరగాలంటే మేనేజర్ కావడం తప్ప దారి లేకపోతే అది కంపెనీ తప్పు. ఇంజినీర్‌గానే పైస్థాయికి ఎదిగే మార్గం విడిగా ఉండాలి. మేనేజర్ అయినవాళ్లు వారంవారం ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. "ఎంతవరకు వచ్చింది?" అన్నదానికంటే "ఎవరి కోసం ఆగిపోయారు?" అన్న ప్రశ్న ఎక్కువ పనులు కదిలిస్తుంది.

పైనుంచి కొత్త పని వచ్చినప్పుడు కుదరదని ఊరికే అనొద్దు, సరేనని తలూపి టీమ్ మీద వేయొద్దు. నడుస్తున్న పనుల జాబితా వాళ్ల ముందు పెట్టి, దీనికోసం ఏది ఆపమంటారో అడగండి. ఆపేదాని పేరు వాళ్లే చెప్పాక, అదే రోజు టీమ్‌కూ, దానికోసం ఎదురుచూస్తున్న కస్టమర్‌కూ చెప్పేయండి.