సింబల్ స్టాండ్లు: పైసలు పెట్టాల్సింది పై జానెడులోనే

క్రిస్మస్ దగ్గరపడితే కాజీపేట, హన్మకొండ చర్చిల పిల్లలు ఒక్కటే మాట అడుగుతరు: "అన్నా, సింబల్ దొరికింది, స్టాండు లేదు. ఏం చేయాలె?" సెకండ్‌హ్యాండ్ డ్రమ్ కిట్లలో ముందు మాయమయ్యేది స్టాండే. సింబల్ అంటే ఆ కిట్‌లో పుల్లతో కొట్టే లోహపు పళ్లెం. నా దగ్గరికి వచ్చేలోపే తలా ఒక సలహా ఇచ్చి ఉంటరు. అందులో సగం తప్పు.

అపోహ: ఇంట్లో చేసిన స్టాండుకు పెడితే సౌండ్ చచ్చిపోతది.

కింద ఏముందో సింబల్‌కు తెల్వదు. దాన్ని తాకేది పైన జానెడు మేరే: బోల్టు, దాని మీది ప్లాస్టిక్ తొడుగు, ఫెల్ట్ బిళ్లలు, రెక్కల నట్టు. ఈ సంగతి నాకు నష్టపోయినంక తెలిసింది. నా మొదటి స్టాండు పాత సామాన్ల దుకాణంలో దొరికిన పెడస్టల్ ఫ్యాను కాలు. గుండ్రటి బరువైన అడుగు, ఎత్తు మార్చుకునే నాబ్, అన్నీ కుదిరినయి. వెల్డింగాయన మీద 8 ఎమ్మెమ్ బోల్టు అతికిచ్చిండు. తొడుగు వేయాలన్న సోయి నాకు లేదు. మూడు నెలలకు 16 అంగుళాల క్రాష్ సింబల్ రంధ్రం చింతగింజ లెక్క సాగింది. బోల్టు మరలు లోహాన్ని ఆకురాయి తీరుగా తిన్నయి. ఆ సాగిన మూల నుంచే వెంట్రుకంత పగులు మొదలైంది.

ఇప్పుడైతే తాపీమేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు రెండు అంగుళాల ముక్క కోసి బోల్టుకు తొడుగుత. లోపల 8 ఎమ్మెమ్ ఉన్నది తీసుకుంటే బిర్రుగా ఎక్కుతది. సింబల్ రంధ్రం 12 ఎమ్మెమ్ అటూఇటుగా ఉంటది కాబట్టి పైపు మందం చూసుకోండి. ఫెల్ట్ దొరకకపోతే కొత్తవాడ జంపఖానా తునక మూడు పొరలు కుట్టి, రూపాయి బిళ్ల కంటే జర పెద్దగా కత్తిరించి, నడుమ రంధ్రం పెట్టుకోండి. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మన జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు స్టాండుకు అంతకన్నా జోడీ ఏముంటది! హవాయి చెప్పు రబ్బరు మాత్రం వద్దు, మోతను మింగేస్తది.

ఇంకొకటి. సింబల్‌ను మీ దిక్కు కొంచెం వంచే టిల్టర్ ముక్క విడిగా అమ్ముతరు, దానికి పైసలు పెట్టండి. సింబల్ చదునుగా ఉండి పుల్ల నేరుగా అంచుకు తాకితే అంచే పగులుతది.

అపోహ: నట్టు ఎంత బిగిస్తే అంత భద్రం.

ఉల్టా. దెబ్బ పడ్డప్పుడు సింబల్ ఊగాలె. ఊగనియ్యకపోతే ఆ దెబ్బంతా లోహమే మోస్తది, మోత కూడా కురచైతది. నట్టు ఫెల్ట్‌కు ఆనాలె, నొక్కొద్దు. ఊడిపోతదని భయముంటే మీద ఇంకో నట్టు వేసి ఆ రెండింటినీ ఒకదానికొకటి బిగించండి.

అపోహ: బరువుంటే పడదు.

స్టాండు అడుగుకు అయిదు లీటర్ల పెయింట్ డబ్బా నిండా కాంక్రీట్ పోస్తే సుమారు 12 కిలోలు. అయినా అడుగు ఇరుకు కాబట్టి, పైన 2 కిలోలు దాటే 20 అంగుళాల రైడ్ సింబల్ పెట్టి గట్టిగ కొడితే ఒరుగుతది. బరువు కంటే కాళ్ల వెడల్పు ముఖ్యం. కొన్న ట్రైపాడ్ అయినా, బూమ్ చెయ్యి (పక్కకు చాపే రాడ్) ఎటు చాపితే ఆ దిక్కుకే ఒక కాలు రావాలె. డ్రమ్స్ కదలని చర్చిలో డబ్బా సరే. పెళ్లి స్టేజీలకు ఆటోలో మోసేటోళ్లు దాని జోలికి పోవద్దు.

మైక్ స్టాండు, పీవీసీ పైపు? 8, 10 అంగుళాల స్ప్లాష్ అనే చిన్న సింబల్ వరకు మైక్ స్టాండు ఆగుతది, అది కూడా నిటారుగా ఉంటేనే. బూమ్ చాపితే పాట మధ్యలోనే జారుతది. పీవీసీ ఊగులాడుతది, పుల్ల వేసేసరికి సింబల్ అక్కడ ఉండదు.

వెల్డింగ్ చేయించేటోళ్లకు ఒక మాట: జీఐ పైపు మీది జింకు పూతను అతుకు దగ్గర ముందే గీకించండి. లేకపోతే తెల్ల పొగ లేస్తది, అది పీల్చినోళ్లకు రాత్రికి జ్వరం పట్టుకుంటది.

అపోహ: హైహ్యాట్ స్టాండు కూడా చేసుకోవచ్చు.

హైహ్యాట్ అంటే పెడల్ తొక్కితే ఒకదానికొకటి తాకే జోడు సింబల్స్. దాని స్టాండు నేను రెండుసార్లు చేసి చూసిన, వద్దు. పెడల్, స్ప్రింగు, లోపలి రాడ్, పై సింబల్‌ను ఆ రాడ్‌కు పట్టి ఉంచే క్లచ్, ఇన్ని కదిలే భాగాలు సరిగ్గా కలిసి రావాలె. సెకండ్‌హ్యాండ్‌దే కొనండి. కొనేముందు పెడల్ పదిసార్లు తొక్కి, కాలు తీయంగనే పైకి లేస్తుందా చూడండి. క్లచ్ స్క్రూ బిగించి రాడ్‌ను చేత్తో లాగండి. జారిందా, క్లచ్ కొత్తది కావాలె, ఆ పైసలు ధరలో తగ్గించమనండి.