బ్లాకు మార్చాలా, బాగుచేయాలా: 1917లోనే తేలిన తగువు

వానలు మొదలయ్యాయంటే మునిగిన బండ్ల ఎస్టిమేట్ల గొడవ మళ్లీ పైకొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు నీళ్లలో నానినప్పుడు ఎంతోమందికి ఇదే టెన్షన్. కంపెనీ వర్క్‌షాప్‌లో చూపిస్తే ఇంజన్ మొత్తం మార్చాలంటారు. అదే డీజిల్ బండిని ఆటోనగర్‌లో విప్పితే మేస్త్రీ బోరులో, అంటే ఇంజన్ బ్లాకులో పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రంలో వేలు పెట్టి తడిమి చూస్తాడు, బ్లాకు బాగానే ఉంది, లోపల స్లీవులు (లోహపు గొట్టాలు) వేస్తే సరిపోతుందంటాడు. ఈ రెండు మాటల మధ్య తేడా లక్షల్లో ఉంటుంది.

డబ్బు తేడా ఒక్కటే అయితే ఇంత పట్టింపు ఉండదు. మన మోటారు పాలసీల్లో మరమ్మతు ఖర్చు బండికి రాసుకున్న విలువలో, అంటే ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కకడతారు. పాతబడేకొద్దీ ఐడీవీ ఏటా తగ్గుతుంది. కొత్త ఇంజన్ ధర మాత్రం తగ్గదు. అందుకే ఆరేడేళ్ల బండికి ఎస్టిమేట్‌లో ‘ఇంజన్ అసెంబ్లీ’ అని ఒక్క పంక్తి పడిందంటే చాలు, నడవగలిగే బండి తుక్కు లెక్కలోకి జారిపోవచ్చు. బీడు (పోత ఇనుము) బ్లాకు బాగవుతుందా లేదా అన్న ప్రశ్న ఇంత మందికి సంబంధించినది కావడానికి కారణం ఇదే.

వెల్డింగ్ ఎక్కడ పుట్టింది, అరిగిన బోరును కాస్త పెద్దది చేసే రీబోరు ఎప్పుడు మొదలైంది అనేవి చాలామందికి తెలిసిన సంగతులే. నా దృష్టిలో ఈ తగువుకు అసలు మలుపు 1917లో, అమెరికా రేవుల్లో వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక వందకు పైగా జర్మన్ ఓడలు అమెరికా రేవుల్లో ఇరుక్కుపోయాయి. 1917 ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగి వాటిని స్వాధీనం చేసుకునేసరికి, చాలా ఓడల్లో సిబ్బంది ముందే ఇంజన్లను పగలగొట్టి ఉంచారు. బరువైన దిమ్మెలతో మోది బీడు సిలిండర్లకు పెద్ద పెద్ద కన్నాలు పెట్టారు, భాగాలను కలిపి బిగించే అంచులను, అంటే ఫ్లాంజీలను విరగ్గొట్టారు. ఏ భాగాన్ని ఎలా విరగ్గొట్టారో వరసగా రాసిపెట్టిన కాగితం కూడా దొరికింది. అందులో కొన్ని భాగాల పక్కన ‘బాగుచేయడం కుదరదు’ అని రాసి ఉంది. బీడు వంగదు, సాగదు, దెబ్బ తగిలితే పెళ్లున విరుగుతుంది. అది తెలిసినవాళ్లే దాన్ని ఎంచుకుని కొట్టారు.

అప్పుడు అమెరికా పక్షాన కూడా రెండు మాటలు వినిపించాయి. ఓడల వ్యవహారాలు చూసే షిప్పింగ్ బోర్డు ఇంజనీర్లు కొత్త సిలిండర్లు పోతపోయించి బిగించాలన్నారు. న్యూయార్క్ నేవీ యార్డ్ ఇంజనీరింగ్ అధికారి ఎర్ల్ జెస్సప్, ఆయన వెంట ఉన్నవాళ్లు ఎలక్ట్రిక్ వెల్డింగ్‌తో ఉన్నచోటే అతకొచ్చన్నారు. కొత్తవి పోతపోసేదాకా ఆగితే నెలలకు నెలలు పోతాయి, ఐరోపాలో సైనికులు కావాలి. చివరికి నేవీ మాటే నెగ్గింది.

వాళ్లు చేసిన పని చూడండి. విరిగిన అంచును ఏటవాలుగా చెక్కారు. ఆ వాలు పొడవునా రంధ్రాలు వేసి, మరలు కోసి, ఉక్కు స్టడ్లు (తల లేని మరమేకులు) బిగించారు. వెల్డింగ్ పట్టు బీడు మీద ఒక్కదానిమీదే ఆధారపడకుండా ఈ స్టడ్లను కూడా పట్టుకునేలా పొర మీద పొర వేసుకుంటూ వచ్చారు. కొన్నిచోట్ల వెల్డింగ్ లేకుండా ప్యాచీలు బోల్టులతో బిగించారు. ఆ ఏడాది చివరికల్లా ఓడలు పనిలోకి వచ్చాయి. యుద్ధం ముగిసేలోగా ఆ జర్మన్ ఓడలు 5 లక్షలకు పైగా అమెరికన్ సైనికులను అట్లాంటిక్ దాటించాయి. కుదరదని రాసిపెట్టిన కాగితానికి ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఆ తర్వాత వచ్చిన పద్ధతులన్నీ దాదాపు ఈ ఆలోచనకు కొనసాగింపే. బీడులో కార్బన్ సుమారు 2.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఒకచోట వేడెక్కించి చల్లారనిస్తే వెల్డింగ్ పక్కనే గాజులా పెళుసైన పొర ఏర్పడి, ముడుచుకునేటప్పుడు కొత్త చీలిక వస్తుంది. అందుకే మంచి మేస్త్రీ బ్లాకును ముందు వేడిచేస్తాడు. నికెల్ రాడ్డుతో అంగుళం పొడవే వేసి, సుత్తితో తట్టి, చల్లారాక మళ్లీ అంగుళం వేస్తాడు. 1930లలో టెక్సాస్ చమురు క్షేత్రాల్లో నిప్పు రవ్వే ప్రమాదం కాబట్టి అసలు వేడి లేకుండా కుట్టే పద్ధతి వచ్చింది. చీలిక వెంట ఒకదాన్ని ఒకటి కొరుక్కునేలా మరపిన్నులు దించుతారు, చీలికకు అడ్డంగా లోహపు తాళాలు బిగిస్తారు. మెటల్ స్టిచింగ్ అంటున్నది దీన్నే.

అరిగిపోయిన బోరుది ఇంకా తేలికైన వ్యవహారం. 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల లెక్కన రీబోరు చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. ఆ సైజులూ అయిపోతే బోరును ఇంకాస్త పెద్దది చేసి పలచటి స్లీవును గట్టిగా నొక్కి దించుతారు. తర్వాత పాత కొలతకే బోరు తీసి, ఆయిల్ నిలవడానికి అడ్డగీతలు పడేలా హోనింగ్ చేస్తారు. వరద నీళ్లు నిలిచి బోరులో తుప్పు వలయం పడిన బండికి చాలాసార్లు ఈ పని చాలు. 1966లో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్ బతికిందే ఇలాంటి పనుల మీద.

కంపెనీల వాదనలో బలం లేదనను. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో సిలిండర్ ఒత్తిడి ఎక్కువ, గోడలు పలచన. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లో చేరిన నీరు నొక్కుకుపోదు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి బ్లాకు గోడను పొడుచుకుని బయటికొస్తుంది. క్రాంకు కూర్చునే మెయిన్ బేరింగ్ గద్దె దగ్గర చీలితే ఎవరూ దానికి పూచీ ఇవ్వకూడదు. బయట బాగుచేసిన ఇంజన్‌కు వారంటీ ఇవ్వలేమనడమూ అర్థమవుతుంది. కానీ 2015 చివర్లో ఫోర్డ్ ఏం ప్రకటించిందో గుర్తుచేసుకోవాలి. అరిగిన ఇంజన్ బ్లాకుల బోరు లోపల ప్లాస్మాతో కరిగించిన లోహాన్ని చల్లి, కొత్త ఉపరితలం కట్టి, తుక్కుకు పోవాల్సిన ఇంజన్లను మళ్లీ వాడుకలోకి తెస్తున్నామని చెప్పింది. అలా చేస్తే కొత్త ఇంజన్ తయారీతో పోలిస్తే కార్బన్ ఉద్గారం సగందాకా తగ్గుతుందనీ చెప్పింది. కార్ల కంపెనీయే చేయగలిగినప్పుడు, బాగుచేయడం అనే మాటే ఎస్టిమేట్‌లో కనిపించకపోవడం ఏం న్యాయం?

వివాదం ఇప్పుడు ఆగి ఉన్నది కొలతల దగ్గర. చాలా ఎస్టిమేట్లు బ్లాకును విప్పకముందే తయారవుతున్నాయి. బోరు ఎంత అరిగిందో డయల్ గేజీ చెబుతుంది. కంటికి కనిపించని చీలికను బ్లాకును చల్లబరిచే నీళ్లు తిరిగే దారికి, అంటే నీళ్ల జాకెట్‌కు గాలి ఎక్కించి చేసే ప్రెషర్ టెస్ట్, ఇనుప పొడితో చేసే అయస్కాంత పరీక్ష పట్టిస్తాయి. ఈ పరీక్షలకయ్యే ఖర్చు కొత్త ఇంజన్ ధర ముందు లెక్కలోకే రాదు. పైగా ఇంజన్ నంబరు కొట్టి ఉండేది బ్లాకు మీదే కాబట్టి, బ్లాకు మారితే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చిన రోజే ఈ కొలతలు కాగితం మీద ఇమ్మని బండి యజమాని అడగాలి. ఇవ్వనంటే ఆ ‘ఇవ్వం’ అన్నదే రాతపూర్వకంగా తీసుకోవాలి. బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే అక్కడ చూపించాల్సింది ఆ కాగితమే.