రక్తం ఆగాక మొదలయ్యే ముప్పు: వాసోస్పాజం వెనుక కథ

మెదడు చుట్టూ రక్తస్రావమై, ఉబ్బి పగిలిన నాళానికి క్లిప్ వేయించుకున్న రోగి నాలుగైదు రోజులు బాగానే మాట్లాడొచ్చు. వారం తిరిగేసరికి మాట తడబడి, చెయ్యి పడిపోవచ్చు. ‘ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా’ అని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు. మెదడు ధమనులు ముడుచుకుపోయాయని, దాన్నే వాసోస్పాజం అంటారని డాక్టర్లు చెబుతారు.

ఈ ముడుచుకోవడాన్ని యాంజియోగ్రామ్‌లో 1951లో చూపించినవారు అమెరికా వైద్యులు ఎకర్, రీమెన్‌ష్నైడర్. 1978లో కెనడాకు చెందిన వీర్ బృందం దాని కాలక్రమం తేల్చింది: రక్తస్రావమైన మూడో రోజు మొదలై, 6-8 రోజుల్లో ముదిరి, 12వ రోజుకల్లా తగ్గుతుంది. సీటీలో రక్తపు గడ్డ ఎంత దళసరిగా ఉంటే ముప్పు అంత ఎక్కువని 1980లో ఫిషర్ బృందం చెప్పింది.

అసలు ఈ ఆలస్యం ఎందుకు? రక్తం తగిలి నాళం గోడలోని కండరం బిగుసుకోవడమొక్కటే అయితే మూడు రోజులు ఆగే పనేముంది? బయటపడ్డ ఎర్రకణాలు చిట్లడానికి, ఆ చెత్త ఎత్తేందుకు తెల్లకణాలు చేరడానికి టైమ్ పడుతుంది. అందుకే ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకో, ఇన్‌ఫెక్షన్‌కో శరీరం స్పందించడం వల్ల వచ్చే మంట, వాపు) మీద అనుమానం బలపడింది. ఈ మంటకు గుర్తులైన ప్రొటీన్లు, అంటే వెన్నునీటిలో ఇంటర్‌ల్యూకిన్-6, రక్తంలో సీఆర్‌పీ (సీ-రియాక్టివ్ ప్రొటీన్) పెరిగిన రోగులకు ముప్పు ఎక్కువని పలు అధ్యయనాల్లో కనిపించింది.

సీఆర్‌పీ 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో బయటపడ్డ పదార్థం. చిక్కంతా అక్కడే ఉంది. ఐసీయూలో ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ సోకినా, యూరిన్ గొట్టం వల్ల జ్వరం వచ్చినా అది పెరుగుతుంది. మంట ఉందని చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. ఒక్క రిపోర్టు చూసి నాళాలు ముడుచుకుంటున్నాయనుకోవడం తొందరపాటే.

మందుల అనుభవం మరీ విచిత్రం. నాళాన్ని బిగించే ఎండోథెలిన్‌కు అడ్డుపడే క్లాజోసెంటాన్ యాంజియోగ్రామ్‌ను మెరుగుపరిచింది గానీ, 2011 నాటి పెద్ద ట్రయల్‌లో రోగుల స్థితి మెరుగుపడలేదు. (2022లో జపాన్ మాత్రం దానికి అనుమతిచ్చింది.) నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాముల చొప్పున 21 రోజులు ఇచ్చే నిమోడిపిన్‌ది సరిగ్గా తిరగేసిన కథ: 1989 నాటి బ్రిటన్ ట్రయల్‌లో అది మెదడు నష్టాన్ని తగ్గించింది, యాంజియోగ్రామ్‌లో మాత్రం పెద్ద తేడా కనిపించదు. దీంతో పరిశోధకుల చూపు పెద్ద ధమనుల నుంచి చిన్న నాళాల్లోని గడ్డలు, ఇన్‌ఫ్లమేషన్ వైపు మళ్లింది. ఇన్‌ఫ్లమేషన్‌ను కూడా తగ్గిస్తుందని పేరున్న కొలెస్ట్రాల్ మందు సిమ్వాస్టాటిన్‌ను 803 మందిపై పరీక్షించారు. 2014లో వచ్చిన ఫలితం: లాభం లేదు.