ఓడల మధ్య ఎడం

పిల్లలకు,

ఆర్కే బీచ్‌లో మన చిన్నది అడిగింది: “అంత సముద్రం ఉంటే ఓడలన్నీ ఒకచోట చేరవెందుకు తాతయ్యా, పోట్లాడుకున్నాయా?” ఆ హోరులో చెప్పడం కుదరలేదు. ఇప్పుడు వినండి.

అవి రేవులోకి వెళ్లే వంతు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడలు. లంగరు వేసిన ఓడ అంటే గూటానికి కట్టిన ఆవు. భీమిలి దగ్గర మా ఊళ్లో, నా చిన్నతనంలో, బయలులో ఆవులను కట్టే పని నాది. పలుపు ఎంత పొడవుంటే అంత మేర గుండ్రంగా తిరిగి మేసేవి. సాయంత్రానికి నేల మీద చక్కటి వృత్తం! రెండు పలుపుల పొడవూ కలిపి, పైన నాలుగు అడుగులు వదిలి రెండో గూటం పాతమనేవారు నాన్న. ఒకదానినొకటి వదలని తల్లీకూతుళ్లయినా సరే, దగ్గరగా కడితే పలుపులు మెలిపడి రెండూ పస్తే. ప్రేమ ఉన్నచోట కూడా తిరగడానికి చోటు కావాలి, గుర్తుంచుకోండి.

ఓడకు పలుపు ఇనుప గొలుసు. నీటి లోతుకు ఐదారు రెట్ల పొడవు వదులుతారు. గొలుసు కొంత అడుగున పడి ఉంటేనే లంగరును అడ్డంగా లాగుతుంది, లేకపోతే పైకి పెకలిస్తుంది. నావికులు దాన్ని షాకిళ్లలో కొలుస్తారు. ఒక షాకిల్ 27.5 మీటర్లు. ఏడు వదిలితే 190 మీటర్లు దాటుతుంది. గొలుసు ఉండేది ముక్కు దగ్గర కనుక ఓడ పొడవు కూడా కలపాలి. 200 మీటర్ల ఓడ అయితే లంగరు నుంచి తోక దాకా దాదాపు 400 మీటర్లు! గూటం నిలవకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరులో విశాఖ అంతా చూసింది. వాయుగుండం వేళ ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకెక్కింది.

ఆవులు దేనికి తోచిన వైపు అది తిరుగుతాయి. ఓడలు అలా కాదు, గాలికీ నీటి ఒరవడికీ ఎదురుగా ముక్కు పెడతాయి. సరుకు నిండి లోతుగా మునిగిన ఓడ ఎక్కువగా ఒరవడి మాట వింటుంది. ఖాళీగా ఎత్తుగా తేలే ఓడ గాలి మాట వింటుంది. అందుకే గాలి మారినప్పుడు ఒకటి ముందు తిరుగుతుంది, ఇంకొకటి ఆలస్యంగా. ఆ కాసేపటి కోసమే అంత ఎడం. ఎవరూ నెట్టకుండా, ఊరంత ఓడ గాలికి మెల్లగా మొహం తిప్పుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈసారి కైలాసగిరి ఎక్కండి. తెల్లవారుజామున ఒకసారి, సముద్రపు గాలి లేచాక మధ్యాహ్నం ఒకసారి. ఏ ఓడ ముక్కు ఎటుందో బొమ్మ గీయండి. నిండు ఓడ ఏదో, ఖాళీ ఓడ ఏదో మీరే పోల్చి, పక్కన రాసి పంపండి.

మీ తాతయ్య