ఆర్‌ఎక్స్ 100కి కొత్త ఫోర్కులు: ముందు ట్రెయిల్ లెక్క తేల్చండి

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న: "నా యమహా ఆర్‌ఎక్స్ 100కి అదే కంపెనీ కొత్త బండి ఎఫ్‌జెడ్16 ఫోర్కులు, డిస్క్ బ్రేకు, 17 అంగుళాల అలాయ్ చక్రాలు వేయించాను. బ్రేకు బ్రహ్మాండంగా పడుతోంది. కానీ హ్యాండిల్ మొద్దుబారింది, సందుల్లో తిప్పాలంటే బలం పెట్టాల్సి వస్తోంది. కోన్ సెట్ కూడా మార్పించాను. ఫలితం లేదు. ఎందుకు?"

కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల తప్పేమీ లేదు. మారిపోయింది బండి ట్రెయిల్, హ్యాండిల్‌ని తనంతట తాను నిటారుకి తెచ్చే కొలత. కోన్ సెట్లు ఎన్ని మార్చినా అది సరికాదు.

1985 నుంచి 1996 దాకా తయారైన ఈ బండి గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, 103 కిలోలు. డిస్క్ బ్రేకు కావాలనుకోవడంలోనూ న్యాయం ఉంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలేస్తే బండిని వెనక్కి పట్టే గుణం చాలా తక్కువ. ఆపే భారమంతా బ్రేకుల మీదే, అందులో ఎక్కువ భాగం ముందు బ్రేకు మీదే పడుతుంది. కాబట్టి మార్చాలా వద్దా అన్నది నాకు ప్రశ్నే కాదు, ఎలా మార్చాలన్నదే ప్రశ్న.

ఆఫీసు కుర్చీ కింది చక్రాన్ని ఒకసారి వంగి చూడండి. అది తిరిగే ఇరుసు ఒకచోట ఉంటుంది, చక్రం నేలను తాకే చోటు దానికి కాస్త పక్కగా ఉంటుంది. కుర్చీని ఎటు తోసినా చక్రం గిర్రున తిరిగి ఇరుసు వెనక్కి చేరుతుంది. ఆ రెండు బిందువుల మధ్య దూరమే ట్రెయిల్. మోటారు సైకిల్‌కీ ఇదే సూత్రం. స్టీరింగ్ ఇరుసు గీతను కిందికి పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకన్నా ముందు నేలను తాకుతుంది. టైరు ఎప్పుడూ ఆ బిందువు వెనకాలే ఉండాలని చూస్తుంది, హ్యాండిల్ తనంతట తాను నిటారుకొస్తుంది. ట్రెయిల్ పెరిగితే ఈ లాగుడు పెరుగుతుంది: హైవే మీద గీత గీసినట్టు పోతుంది, సందులో తిప్పాలంటే మొరాయిస్తుంది. తగ్గితే చెప్పగానే తిరుగుతుంది, కానీ గుంటలో పడినప్పుడు హ్యాండిల్ గిజగిజలాడుతుంది. కుర్చీని గట్టిగా తోసినప్పుడు చక్రం ఒక్కోసారి అటూ ఇటూ దడదడా ఊగుతుంది కదా, మోటారు సైకిల్‌కీ ఆ రోగం ఉంది. దాని పేరు వాబుల్. 1971లో బ్రిటిష్ ఇంజినీరు రాబిన్ షార్ప్ సమీకరణాలు కట్టి మోటారు సైకిల్ అస్థిరతను మూడు రకాలుగా విడదీశాడు: మెల్లగా ఒరిగిపోయే క్యాప్‌సైజ్, బండి మొత్తం పాములా మెలికలు తిరిగే వీవ్, హ్యాండిల్ మాత్రమే కొట్టుకునే వాబుల్.

ఇక్కడ ఒక పాఠ్యపుస్తక నమ్మకం గురించి చెప్పాలి. తిరిగే చక్రం గైరోస్కోప్‌లా పనిచేసి బండిని నిలబెడుతుందని పిల్లలకు చెబుతుంటాం. 1970లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ సైకిల్‌కి రెండో చక్రాన్ని ఎదురు దిక్కులో తిప్పి గైరో ప్రభావాన్ని దాదాపు చంపేశాడు. సైకిల్ హాయిగా నడిచింది. అయితే అంతా ట్రెయిల్ మహిమే అనుకోవడమూ తొందరపాటే. గైరో ప్రభావం లేకుండా, ట్రెయిల్ 4 మి.మీ. ఎదురు దిక్కులో ఉన్నా తనంతట తాను నిలబడే సైకిల్‌ని కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో చేసి చూపించారు. బరువు ఎక్కడ పెట్టామన్నదీ లెక్కలోకి వస్తుంది. మామూలు మోటారు సైకిల్ గ్యారేజీలో మాత్రం మన చేతికి తిన్నగా అందేది ట్రెయిలే.

లెక్క ఇది: ట్రెయిల్ = (చక్రం వ్యాసార్ధం × సైన్ రేక్ − ఆఫ్‌సెట్) ÷ కాస్ రేక్. రేక్ అంటే ఫోర్కులు నిట్టనిలువు నుంచి ఎంత వాలి ఉన్నాయో ఆ కోణం. ఆఫ్‌సెట్ అంటే స్టీరింగ్ ఇరుసుకి, ముందు యాక్సిల్‌కి మధ్య ఉన్న అడ్డ దూరం.

ముందు వ్యాసార్ధం చూద్దాం. పాత టైరు 2.50-18, అంటే 2.50 అంగుళాల టైరు, 18 అంగుళాల రిమ్ము. రిమ్ము 457 మి.మీ., టైరు ఎత్తు పైన కింద 63.5 చొప్పున, వెరసి వ్యాసార్ధం 292. కొత్త టైరు 100/80-17, అంటే వెడల్పు 100 మి.మీ., ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 17 అంగుళాలు. రిమ్ము 432, టైరు ఎత్తు 80 చొప్పున, వ్యాసార్ధం 296. "17 వేస్తే బండి కిందికి దిగుతుంది" అనే మాట ఏ గ్యారేజీకి వెళ్లినా వినిపిస్తుంది. ఈ టైరుతో దిగదు సరికదా 4 మి.మీ. లేస్తుంది! రిమ్ము కొలత వేరు, చక్రం కొలత వేరు.

ఇక కోణం, ఆఫ్‌సెట్. లెక్క కోసం మన బండి రేక్ 27 డిగ్రీలు, పాత ఫోర్క్ టీ (రెండు ఫోర్కుల్నీ పట్టి ఉంచే బిగింపు) ఆఫ్‌సెట్ 45 మి.మీ. అనుకుందాం. ట్రెయిల్ 98 మి.మీ. వస్తుంది. కొత్త బండ్లలో రేక్ తక్కువ, 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ నిటారు కోణానికి 32, 33 మి.మీ. ఆఫ్‌సెట్ పెడితేనే ట్రెయిల్ వందకి అటూ ఇటూ వస్తుంది. అంటే కొత్త టీని నిటారుగా ఉండే మెడ (స్టీరింగ్ ఇరుసు దూరే ఫ్రేము పైపు) కోసం చేశారు. దాన్ని తెచ్చి 27 డిగ్రీలు వాలిన పాత మెడలో దూర్చితే? వ్యాసార్ధం 296, ఆఫ్‌సెట్ 32 వేయండి. ట్రెయిల్ 115. ఒక్కసారిగా 17 మి.మీ. పెరిగింది. దానికి తోడు వెడల్పు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. పాఠకుడి చేతులు నొప్పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

సొంత బండికి ఈ కొలతలు తీయడం కష్టం కాదు. చదునైన నేల మీద బండిని నిటారుగా నిలిపి, మనిషిని కూర్చోబెట్టి, ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను ఫోర్క్ పైపుకి ఆనించి రేక్ చదవండి. టీ పైభాగంలో రెండు పైపుల కేంద్రాలకు అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, దాని నుంచి స్టెమ్ (మెడలో తిరిగే టీ కడ్డీ) కేంద్రానికి ఉన్న దూరం కొలవండి. యాక్సిల్ పైపుకి సూటిగా కాక ముందుకు జరిగి ఉంటే ఆ దూరాన్నీ కలపాలి. చాలామంది వదిలేసేది ఈ రెండోదాన్నే.

పరిష్కారం రెండు దారుల్లో ఉంది. మొదటిది, ఫోర్కుల్ని టీలో పైకి జరపడం, వెనక షాకబ్జర్లు పొడుగువి వేయడం. ఈ బండి వీల్‌బేస్ 1240 మి.మీ. ఫోర్కులు 30 మి.మీ. పైకి జరిపితే రేక్ సుమారు 1.2 డిగ్రీలు తగ్గి ట్రెయిల్ 115 నుంచి 107కి దిగుతుంది. వెనక యాక్సిల్ దగ్గర 30 మి.మీ. లేపితే ఇంకో 1.4 డిగ్రీలు. రెండూ కలిస్తే 99, దాదాపు మొదటికే వచ్చేశాం. కానీ ఫోర్కులు పైకి జరిపినప్పుడు, లోపలి స్ప్రింగులు తీసేసి ఫోర్కుని పూర్తిగా కిందికి నొక్కి చూడాలి. టైరో మడ్‌గార్డో కింది టీకో సైలెన్సర్ పైపుకో తగిలితే ఆ దారి మూసుకున్నట్టే. రెండో దారి, 47 మి.మీ. ఆఫ్‌సెట్‌తో అల్యూమినియం టీ మిల్లింగ్ చేయించుకోవడం. ఖర్చెక్కువే, అయినా నా ఓటు దీనికే. మెడ కోణం మారదు, చైన్ కోణం మారదు, అసలు రోగానికే మందు పడుతుంది. స్టెమ్‌ని పాత బండి కొలతల్లో మంచి ఉక్కుతో లేతు మీద తీయించి 0.03 నుంచి 0.05 మి.మీ. బిగువుతో ప్రెస్ చేయించండి. వెల్డింగ్‌తో అతికించిన స్టెమ్‌ని మాత్రం నమ్మకండి, విరిగితే ముందు చక్రం ఊడి చేతికొస్తుంది.

నిలబడి ఉన్న బండి లెక్క ఇంతవరకు. బ్రేకు వేస్తే ట్రెయిల్ కూడా కదులుతుంది. 103 కిలోల బండి, 70 కిలోల మనిషి, గురుత్వ కేంద్రం నేల నుంచి 600 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి. గురుత్వ త్వరణంలో 0.7 వంతు (0.7 జి) చొప్పున వేగం తగ్గేలా ఆపితే వెనక చక్రం మీది 59 కిలోల బరువు ముందు చక్రం మీదికి దూకుతుంది. ఫోర్కు ఇంకో 60 మి.మీ. కుంగితే రేక్ రెండున్నర డిగ్రీలు తగ్గి, 98 ఉన్న ట్రెయిల్ 84 అవుతుంది. మలుపులో గట్టిగా బ్రేకేస్తే హ్యాండిల్ ఉన్నట్టుండి తేలికవడానికి ఇదీ ఒక కారణం. డిస్క్ వేసి పాత మెత్తటి ఫోర్కులే ఉంచితే ఈ కుంగుడు ఇంకా ఎక్కువ.

మరి కొత్త ఫోర్కు స్ప్రింగులు? అవి సుమారు 135 కిలోల బండి కోసం చుట్టినవి. మన బండికి గట్టిగా ఉంటాయి, గుంటల్లో చేతులు అదిరిపోతాయి. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు బయటికొచ్చిన పొడవు, మనిషి కూర్చున్నాక ఉన్న పొడవు, ఈ రెండింటి తేడా సాగ్. మొత్తం కదలిక 120 మి.మీ. అయితే సాగ్ 35, 40 ఉండాలి. 20 దగ్గరే ఆగితే స్పేసర్ (స్ప్రింగుని నొక్కి ఉంచే గొట్టం ముక్క) కాస్త కోసి చూడవచ్చు, కానీ స్పేసర్ మారిస్తే బండి నిలిచే ఎత్తు మారుతుందే తప్ప స్ప్రింగు గట్టిదనం మారదు. స్ప్రింగుని కోస్తే మెత్తబడుతుందనుకోవడం పెద్ద పొరపాటు. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. మెత్తబడాలంటే తీగ సన్నబడాలి. గట్టిదనం తీగ వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 4 మి.మీ. తీగ బదులు 3.8 వాడితే చాలు, 18 శాతానికి పైగా తగ్గుతుంది.

ఈ ఘాతాల ప్రభావం పైపుల్లోనూ ఉంది. గోడ మందం ఒకటే అయితే పైపు వంగకుండా నిలిచే శక్తి వ్యాసం మూడో ఘాతంతో పెరుగుతుంది. 30 మి.మీ. పైపుతో పోలిస్తే ఎఫ్‌జెడ్16లోని 41 మి.మీ. పైపు వంగకుండా నిలవడంలో రెండున్నర రెట్లు గట్టిది. బాగానే ఉంది, కానీ వంగని ఫోర్కు బ్రేకు దెబ్బను తాను మింగకుండా మెడకి పంపుతుంది. ముప్పై ఏళ్ల ఫ్రేము మెడ వెల్డింగుల దగ్గర రంగు గీకి, డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) రాసి, సన్న పగుళ్లున్నాయేమో చూసిన తర్వాతే ముందుకెళ్లాలి.

వెనక 140/60-17 వేయాలన్న ముచ్చట మాత్రం మానుకోండి. వెడల్పు టైరు వాలినప్పుడు నేలను తాకే చోటు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. 40 డిగ్రీల మలుపుకి 70 మి.మీ. టైరు అదనంగా 2.3 డిగ్రీలు వాలితే సరిపోతుంది, 140 మి.మీ. టైరు దాదాపు 5 డిగ్రీలు వాలాలి. చైన్ టైరుకి రాసుకుంటుంది, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) కోయాల్సి వస్తుంది, 10 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న ఇంజిన్ ఆ బరువైన చక్రాన్ని తిప్పలేక ఆయాసపడుతుంది. 18 అంగుళాల చువ్వల రిమ్ముకి 90/90-18 చాలు. పోత అలాయ్ తేలికన్న నమ్మకమూ తప్పే, చువ్వల చక్రం కన్నా బరువైన అలాయ్‌లే ఎక్కువ.

వెనక మోనోషాక్ (జంట బదులు ఒకే షాకబ్జర్) పెట్టించడం ఇంకా ప్రమాదం. జంట షాకబ్జర్లు యాక్సిల్ పక్కనే ఉంటాయి కాబట్టి చక్రం మీద ఎంత బలమో వాటి మీదా ఇంచుమించు అంతే. మోనోషాక్ స్వింగ్ ఆర్మ్ ఇరుసు దగ్గరికి జరుగుతుంది కనుక రెండున్నర, మూడు రెట్ల బలం ఒకే చోట ఫ్రేము మీద పడుతుంది. ఆ చోటు అంత బలానికి కట్టింది కాదు. గ్యాస్ నింపిన మంచి జంట షాకబ్జర్లు వేసుకోండి. బుష్ లోపలి వ్యాసం, కన్ను నుంచి కన్నుకి పొడవు సరిచూడండి. చైన్ బిగువుని ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చిన చోట చూడాలి, చైన్ అన్నిటికంటే బిగిసేది అక్కడే.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చంటుంది. పని మొదలుపెట్టే ముందే ఆర్‌టీవో కార్యాలయంలో కనుక్కోండి.

బిగించాక రెండు పనులు మిగులుతాయి. లావు పైపులు హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకి తగులుతాయి, కాబట్టి టీ కింద స్టాపర్ పెట్టించి, రెండు వైపులా ట్యాంకుకి 10 మి.మీ. ఖాళీ మిగిలేలా చూడండి. టేపర్ బేరింగులు వేసి ఉంటే వాటి రేసులు (బయటి రింగులు) మెడలో సర్దుకోవడానికి కొంత దూరం పడుతుంది. 200 కిలోమీటర్ల తర్వాత ముందు చక్రం పైకి లేపి, ఫోర్కు కింది కొనల్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్‌మని చప్పుడు వస్తే నట్టు కొద్దిగా బిగించి, హ్యాండిల్ తన బరువుతోనే చివరిదాకా ఒరుగుతోందో లేదో మళ్లీ చూడండి. మధ్యలో ఆగిపోతే ఎక్కువ బిగించినట్టే, కొంచెం వదలాలి.